నిచ్చెన పట్టుకునే మనిషి

జనవరి 11

ఒసే పొట్టీ,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోనులో నీతో రెండు ముక్కలు మాట్లాడే యోగం నాకు లేదని తేలిపోయింది కాబట్టి కాగితం తీశాను. నిన్న పొద్దున చేస్తే ఏమన్నావు? "అక్కా, కప్పు మీదున్నాను, పైనుండగా ఫోన్ ఎత్తొద్దని పెద్దక్క చెప్పింది, పెట్టేస్తున్నా." సాయంత్రం చేస్తే, "అక్కా, పెద్దక్కతో కలిసి సామాను సర్దుతున్నా, మళ్ళీ చేస్తా." ఆ 'మళ్ళీ' కోసం ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మీ బావ చూసి నవ్వాడు.

ఒక్క సంగతి తేల్చు. అమ్మకి మనం ఇద్దరమే కదా? ఇద్దరిలో పెద్దదాన్ని నేనే కదా? మరి ఈ పెద్దక్క ఎక్కణ్ణుంచి ఊడిపడింది? నేను ఊరు మారేటప్పుడు, ఒంటరిగా పని చెయ్యకు, తోడుకి ఎవరో ఒకర్ని పెట్టుకో అన్నాను. నిజమే. ఎవరో ఒకర్ని పెట్టుకోమన్నాను. అక్కని పెట్టుకోమనలేదు.

మనం కలిసి సోలార్ పని చేసినన్నాళ్ళూ నేను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, మాట్లాడుతూనే బోల్టులు బిగించలేదూ? ఏమైంది నాకు? నిక్షేపంగా ఉన్నాను.

మీ బావకి కొత్త ఫ్యాక్టరీ బాగానే పడింది. మెకానిక్కులు తక్కువ, మెషీన్లు పాతవి, కాబట్టి ఆయనకి అక్కడ రాజయోగం. నాకే ఏమీ తోచట్లేదు. మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ తీస్తే కప్పులే కప్పులు. ఒక్కోదాన్నీ చూస్తూ, దీనిమీద ఎన్ని ప్యానెళ్ళు పడతాయి, ఎటు వాలు పెట్టాలి అని మనసులోనే కొలుస్తున్నాను. చేతులు ఊరుకోక వంటింటి కుళాయి విప్పి బాగు చేశాను. ఇదివరకు చుక్కలు కారేది, ఇప్పుడు ధారే.

అమ్మ మోకాలు ఎలా ఉంది? తనని అడిగితే నీ పెద్దక్క కబుర్లే చెబుతోంది.

నీ అక్క
(పెద్దో, చిన్నో నువ్వే తేల్చుకో)


జనవరి 19

అక్కా,

నీ ఉత్తరం అమ్మ రెండుసార్లు చదివించుకుంది. కుళాయి దగ్గర ఇద్దరం పడీ పడీ నవ్వాం. వాషర్ తిరగేసి పెట్టి ఉంటావు, చూడు.

పెద్దక్క అని నేను పెట్టిన పేరు కాదే బాబూ. అందరూ అలాగే పిలుస్తారు. హార్డ్‌వేర్ కొట్టాయన, తల పూర్తిగా నెరిసినాయన, ఆయన కూడా పెద్దక్కా అనే అంటాడు. కళ్ళజోడు జారిపోకుండా వెనక దారం కట్టుకుంటుంది. నవ్వదు. నవ్వినా మనకి తెలియదు.

మొదటి రోజు సంగతి చెప్తాను విను. మామూలుగా నిచ్చెన గోడకి ఆనించి చకచకా ఎక్కబోయాను. "దిగు" అంది. దిగాను. "ఇది పైన దేనికి కట్టి ఉంది?" అంది.

"దేనికీ కట్టలేదండీ. మీరు కింద పట్టుకుంటారుగా."

"నాకు తుమ్మొస్తే?"

నేను నవ్వాను. తను నవ్వలేదు. నిచ్చెన అడుగు సమంగా ఉందో లేదో చూసి, తనే ముందు జాగ్రత్తగా ఎక్కి, పైకొస కప్పు అంచు కంటే బాగా ఎత్తుగా ఉండేలా సర్ది, పట్టీతో ఇనప దూలానికి బిగించాకే నన్ను రమ్మంది. నడుముకి కట్టుకున్న సేఫ్టీ బెల్టు తాడు నేను వాననీళ్ళ గొట్టానికి తగిలిస్తే విప్పించింది. "ఆ గొట్టం నీళ్ళని మొయ్యడానికే, నిన్ను మొయ్యడానికి కాదు" అంది.

ఇంకోటి తెలుసా? మనం మెయిన్ ఆపేసి, ఇంక భయం లేదని ప్యానెళ్ళ తీగలు పట్టుకునేవాళ్ళం కదా. అది ఇంటి కరెంటుకే సరిపోతుందట. ఎండ పడుతున్నంతసేపూ ప్యానెల్ బతికే ఉంటుంది, దాన్ని ఆర్పే స్విచ్చు లేదు అంటుంది. అందుకని పైన మందపాటి నల్లగుడ్డ కప్పి, మీటరు పెట్టి చూసి, అప్పుడు చెయ్యి వెయ్యనిస్తుంది. రబ్బరు గ్లోవ్స్ లేకుండా అసలు దగ్గరికి రానివ్వదు. నువ్విచ్చిన ఉంగరం కూడా తీయించింది. లోహం తీగకి తగిలితే వేలు మిగలదంది. డబ్బాలో పెట్టాను.

అసలు సంగతి మర్చిపోయాను! మొన్న బేకరీ కప్పు మీద తీగలన్నీ కలిపింది నేనే. మొదట్నుంచీ చివరిదాకా. నేనే!

పొట్టి


జనవరి 27

పొట్టీ,

వాషర్ తిరగేయలేదు. కుళాయే పాతది.

నీ ఉత్తరం చదివాను. నా మొదటి పని డబ్బుతో కొనిచ్చిన ఉంగరం. స్నానానికి కూడా తీయనని గొడవ చేసేదానివి. పెద్దక్క ఒక్క మాట అనగానే డబ్బాలో. మేకుల డబ్బానా? స్క్రూల డబ్బానా? ఏ డబ్బాయో అది కూడా రాయాల్సింది.

"మనం తీగలు పట్టుకునేవాళ్ళం కదా" అని ఎంత తేలిగ్గా రాశావు! అంటే ఇన్నాళ్ళూ అక్క నిన్ను చావు అంచున తిప్పిందనా? ఎన్ని కప్పులు ఎక్కాం మనం! గోడ మీద పిల్లుల్లా నడిచాం. ఎవరికైనా గోరు విరిగిందా? నాన్న కప్పులు కప్పినన్నాళ్ళూ బెల్టు మొహం చూశాడా? నాన్నకి తెలియనిది ఈ తాళ్ళమ్మకి తెలిసొచ్చిందన్నమాట. ఇకనుంచి ఆవిడ పేరు తాళ్ళమ్మ. పెద్దక్క అన్న మాట ఈ ఇంటికొచ్చే ఉత్తరంలో కనబడితే చింపేస్తాను.

ఆవిడ అంత గొప్పదైతే ఒక ప్రశ్న అడుగు. తుమ్మొస్తే నిచ్చెన వదిలేసే మనిషిని ఎవరైనా తోడు పెట్టుకుంటారా?

నాకు పని దొరికింది. నీ తోడు లేకుండానే. కింది వాటాలో ఉండే టైలరమ్మకి పెరట్లో కుట్టుషెడ్డు ఉంది. కరెంటు పోయినప్పుడల్లా మెషీన్లన్నీ ఆగిపోతున్నాయని ఏడుస్తోంది. నేను సోలార్ పని చేసేదాన్నని తెలియగానే చేతులు పట్టుకుంది. "మీరు దేవుడిలా దొరికారండీ" అంది. ఇక్కడ నన్ను అలా అనేవాళ్ళు కూడా ఉన్నారు.

రేకుల కప్పు, రెండు వైపులా వాలు. నాకు అరచేతి మీద గీతలా అర్థమైపోయింది. ప్యానెళ్ళు వచ్చేశాయి, మెట్ల కింద పెట్టించాను. వచ్చీపోయేటప్పుడు ఒకసారి తట్టి వస్తున్నాను. ఎవరికీ చెప్పకు, నవ్వుతారు.

అక్క
(చిన్నదే అనుకో)


ఫిబ్రవరి 5

అక్కా,

కోపం తగ్గించుకో. ఉంగరం ఉన్నది మేకుల డబ్బాలో కాదు, నా బట్టల బీరువాలో, అమ్మ పౌడరు డబ్బాలో. ఇంటికి రాగానే పెట్టుకుంటున్నాను.

నువ్వు మళ్ళీ పని చేస్తున్నావంటే అమ్మ మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. నీతో పాటు పైకి ఎవరెక్కుతారు? ప్యానెల్ ఒక్కదానివే మొయ్యకు. గాలి కొట్టిందంటే అది తెరచాపే, పట్టుకున్నవాళ్ళని తోసుకుపోతుందని పె... ఆవిడ అంది. చూడు, రాయలేదు.

రేకుల షెడ్డు అన్నావు. మధ్యలో వెలుతురు కోసం ప్లాస్టిక్ రేకు వేసి ఉంటారు, దానిమీద దుమ్ము పట్టి మామూలు రేకులాగే కనిపిస్తుంది. పొరపాటున అడుగు పడితే నేరుగా మెషీన్ల మీదకే. ముందు షెడ్డు లోపల నిలబడి తలెత్తి చూడు, ఎక్కడ వెలుతురు వస్తోందో గుర్తు పెట్టుకుని, అప్పుడు ఎక్కు. గాలీ వానా ఉంటే ఎక్కకు. మనుషుల్లేని రోజు ఎక్కకు.

పార్సెల్ పంపుతున్నాను. సేఫ్టీ బెల్టు, తాడు, ఇంకా కొన్ని చిన్న చిన్నవి. నీ నడుం కొలత నాకు తెలుసుగా, బెల్టు నేనే వేసుకుని చూసి నీకు తగ్గట్టు సర్దాను. వేసుకుంటావు కదూ?

బేకరీ పని గురించి నువ్వు ఏమీ రాయలేదు. సరేలే, మర్చిపోయి ఉంటావు.

పొట్టి


ఫిబ్రవరి 14

పొట్టికి,

నీ పార్సెల్ వచ్చింది. విప్పలేదు. విప్పకుండానే తిరిగి పంపించేశాను, ఈపాటికి దారిలో ఉంటుంది.

ఎందుకంటావా? అమ్మకి ఫోన్ చేశాను. "కొత్త బెల్టు కొన్నారే, ఎంత బాగుందో! పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు, ఒకటి నీకు పంపారు" అంది. ఎవరికి కొత్తది, ఎవరికి పాతది అని అడగాల్సిన పని నాకు లేదు. ఆవిడ ఒంటికి అరిగిపోయిన బెల్టు నాకు పంపి, "నీ నడుం కొలత తెలుసుగా" అని తీపి మాటలు రాస్తావా? ఆవిడ వదిలేసినవి వేసుకునే గతి నాకు పట్టలేదు. నా చెల్లెల్ని తీసుకుంది, అది చాల్లే. నీ పెదవుల మీద ఆవిడ మాటే, నీ చేతికి ఆవిడ గ్లోవ్సే. రేపోమాపో కళ్ళజోడుకి దారం కూడా కట్టుకుంటావు.

మొన్న కలొచ్చింది. మన వ్యాన్‌లో నా సీట్లో ఆవిడ కూర్చుని ఉంది. నేను కిటికీ అద్దం కొడుతున్నాను. నువ్వు నన్ను చూసి, "ఈవిడెవరండీ?" అని ఆవిడని అడిగావు. లేచి కూర్చుంటే మీ బావ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఏమైందని అడిగితే ఏం చెప్పను? నా చెల్లెలు నన్ను గుర్తుపట్టలేదని చెప్పనా?

వచ్చే ఆదివారం షెడ్డు మీద పని మొదలుపెడుతున్నాను. మీ బావకి సెలవు. నిచ్చెన ఆయన పట్టుకుంటాడు. ఆయనకి తుమ్ములు రావులే, కంగారుపడొద్దని ఆవిడకి చెప్పు.

అక్క


ఫిబ్రవరి 21

అక్కా,

పార్సెల్ తిరిగొచ్చింది. పోస్టువాడు గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. అమ్మ దాన్ని చూసి, "ఇదేమిటే, దాని పేరే ఉంది, మనింటికొచ్చింది" అంది.

కొత్తది నీకు పంపాను, తెలిసిందా? పాతది నేను వేసుకుంటున్నాను. అది పెద్దక్కది కాదు, నాదే. అమ్మని ఇంకో ప్రశ్న అడిగి ఉంటే అదే చెప్పేది. పెద్దక్క, పెద్దక్క, పెద్దక్క. చింపుకో ఉత్తరం.

బెల్టుతోపాటు నిచ్చెన పైన కట్టే పట్టీ కూడా పెట్టాను. అదీ వెనక్కొచ్చేసింది. ఆదివారం నువ్వు దేంతో కట్టావో నాకు తెలియదు. అసలు కట్టావో లేదో.

ఎప్పుడూ నువ్వు మాట్లాడటం, నేను వినడం. ఈసారి నేను మాట్లాడతాను. నీ స్థలం ఎవరో తీసుకున్నారని ఏడుస్తున్నావే, నీతో ఉన్నప్పుడు నా స్థలం ఏమిటో ఎప్పుడైనా ఆలోచించావా? నిచ్చెన కింద. అంతే. ఏళ్ళ తరబడి నిచ్చెన కింద. పైన ప్యానెళ్ళు పరిచేది నువ్వు, తీగలు కలిపేది నువ్వు, ఇంటివాళ్ళు మెచ్చుకుంటే చేతులు తుడుచుకుంటూ వినేదీ నువ్వే. నేను ఎక్కుతానంటే, "నీకు కాళ్ళు పొట్టి, అందవు" అనేదానివి. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నాకెంత కుళ్ళుగా ఉండేదో తెలుసా నీ మీద? కింద నిలబడి నిన్ను చూస్తూ, ఒక్కరోజు దీనికి జ్వరం వస్తే బాగుండు, నేను ఎక్కుతాను అనుకునేదాన్ని. జ్వరం వచ్చిన రోజు పనే మానేశావు.

పెద్దక్క మూడో రోజే, "పైకి రా, నువ్వు కలుపు, నేను చూస్తాను" అంది. నా కాళ్ళు పొట్టి అనలేదు. అందుకే ఆవిడ చెప్పినట్టు వింటున్నాను. తాడు కట్టుకోమంటే కట్టుకుంటున్నాను, ఉంగరం తీయమంటే తీస్తున్నాను. బేకరీ పని గురించి నీకు రాశాను. ఉంగరం గురించి పేజీ నిండా రాశావు. బేకరీ గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఇంకేం రాయాలో తెలియట్లేదు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 25

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. చదివాను. షెడ్డు పని నడుస్తోంది. మీ బావ కులాసా. అమ్మ మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టు. పనిలో ఉన్నాను, తీరిగ్గా రాస్తాను.

అక్క


మార్చి 3

అక్కా,

నువ్వు ఇంత పొట్టి ఉత్తరం పుట్టాక ఎప్పుడూ రాయలేదు. ఎదురు తిడతావనుకుని కాచుకుని కూర్చున్నాను. తిట్టలేదు. "పొట్టీ" అని కూడా అనలేదు. నాకు భయం వేసింది.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. బావ ఫోనుకి చేశాను. పనిరోజు మధ్యాహ్నం, ఫ్యాక్టరీ చప్పుడే లేదు. "ఇంట్లో ఉన్నారేంటి బావా?" అంటే "ఊరికేనమ్మా" అన్నాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో ఆవిడ, "ఆ చెయ్యి కదపకండి బాబూ, కట్టు ఊడిపోతుంది" అని అరిచింది. బావ, "టీవీ అమ్మా" అన్నాడు. బావకి అబద్ధం చెప్పడం రాదు, నువ్వైనా నేర్పి ఉండాల్సింది.

ఏం జరిగింది? ఎవరికి ఎంత తగిలింది? నీకేమైనా అయిందా? మొత్తం రాయి. నేను బయల్దేరి వస్తున్నాను, ఆ షెడ్డు పని అలా సగంలో వదిలెయ్యకూడదు. నేను వచ్చేదాకా ఎవరూ పైకెక్కొద్దు. ప్యానెళ్ళు పైన ఉంటే వాటి తీగల కొసలు ఎవరూ ముట్టుకోకుండా చూడు. టైలరమ్మకి గట్టిగా చెప్పు.

నీ మీద కోపం ఇంకా ఉంది. అది వేరే.

పొట్టి


మార్చి 8

పొట్టీ,

రాస్తాను. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ ఆదివారం పొద్దున్నే గాలి లేదు. మీ బావ నిచ్చెన ఆనించి, "పైన కట్టాలా?" అని అడిగాడు. నా కళ్ళముందు ఆ కళ్ళజోడు, ఆ దారం కనిపించాయి. నేను చూసింది కూడా లేదు, అయినా కనిపించాయి. "అక్కర్లేదు, గట్టిగా పట్టుకోండి చాలు" అన్నాను. టైలరమ్మ అప్పుడే పెరడు కడిగింది. నేల ఇంకా తడిగా ఉంది. అది చూశాను. చూసీ ఎక్కాను.

రెండు ప్యానెళ్ళు బాగానే ఎక్కించాను, ఆయన కిందనుంచి అందిస్తే నేను లాక్కున్నాను. మూడోది అందుకుని, నిచ్చెన మీదనుంచి తోసుకుని కప్పు మీదకి కాలు వేశాను. ఆ తోపుకి నిచ్చెన అంచు వెంట పక్కకి జారింది. ఆయన వదిలేస్తే సరిపోయేది. పక్కకి తప్పుకునేవాడు. గట్టిగా పట్టుకోమన్నాను కదా, వదల్లేదు. నిచ్చెనతోపాటే వెళ్ళి నేల మీద పడ్డాడు. దాని బరువంతా ఆయన భుజం మీద.

నేను రేకు మీద బోర్లా పడి ఉన్నాను, ఒక చేతిలో ప్యానెల్. వదిలితే అది జారి ఆయన మీద పడుతుంది. లేచి నిలబడితే నేను జారతాను. తల మాత్రం పక్కకి తిప్పి కిందికి చూశాను. ఆయన కదల్లేదు. తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూసి, "నీకేం కాలేదుగా?" అన్నాడు.

నిచ్చెన వంగిపోయింది. టైలరమ్మ వీధిలోకి పరిగెత్తింది. పక్కవీధిలో గోడలకి రంగులేసేవాళ్ళు వాళ్ళ నిచ్చెన తెచ్చేదాకా నేను అక్కడే ఉన్నాను, ఆయన మూలుగు వింటూ. పొట్టీ, ఆ కాసేపు పగవాళ్ళకి కూడా వద్దు.

భుజం ఎముక విరిగింది, మణికట్టు విరిగింది. అతుక్కుంటాయన్నారు. డాక్టరు ఎలా పడ్డావంటే "నిచ్చెన జారిందండీ" అన్నాడు. "మా ఆవిడ కట్టనివ్వలేదు" అనలేదు. ఇంటికొచ్చాకా అనలేదు. అన్నా బాగుండేది.

నీ కోపం ఉత్తరం ఆ తర్వాత మూడు రోజులకి వచ్చింది. పట్టీ సంగతి చదివాను. నిచ్చెన కింద అన్న సంగతీ చదివాను. అప్పుడు ఆయనకి అన్నం తినిపిస్తున్నాను. దాని గురించి ఇప్పుడు రాయలేను.

నువ్వు రా. ఆవిడ వద్దు. ఆవిడ వచ్చి ఆ వంగిన నిచ్చెన చూస్తుంది. నోరు తెరిచి ఏమీ అనకపోయినా సరే, తను చెప్పిందే నిజమైందని ఆవిడ మనసులో అనుకోవడం నేను భరించలేను. ఇంత జరిగాక కూడా నీకు ఇదేనా అంటావు. ఇదే.

అక్క


మార్చి 13

అక్కా,

కింద పడి కూడా బావ "నీకేం కాలేదుగా" అన్నాడని చదివి అమ్మ కళ్ళొత్తుకుంది. నేనూ.

నేనూ పెద్దక్కా ఇద్దరం వస్తున్నాం. ఒక్కదాన్నే కప్పు ఎక్కనని ఆవిడకి మాటిచ్చాను, నీ షెడ్డు కోసం తప్పను. మీ ఇంట్లో దిగడం నీకు ఇష్టముండదేమోనని, ఆవిడ బస ఎక్కడైనా చూసుకుంటానంది, భోజనం కూడా బయటే చేస్తానంది. నిన్ను ఏమీ అనదు. ఒకవేళ అంటే ఊరుకోను. నిన్ను అనాలంటే నేనున్నాను.

శుక్రవారం మధ్యాహ్నానికి చేరతాం. బావ చెయ్యి కింద దిండు ఎత్తుగా పెట్టు.

పొట్టి


మార్చి 25

పొట్టీ,

మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నీ తువ్వాలు తీగ మీదే మర్చిపోయావు. అమ్మకి నువ్వు అన్నీ చెప్పే ఉంటావు. కానీ నువ్వు పైన ఉన్నావు కాబట్టి కింద జరిగింది నీకు తెలియదు. అది రాయాలని కూర్చున్నాను.

ఆవిడ లోపలికి రాగానే నేను గోడవైపు తిరిగి టీ పెట్టడం మొదలుపెట్టాను. ఆవిడ నేరుగా మీ బావ దగ్గరికి వెళ్ళి, వేళ్ళు కదులుతున్నాయా, తిమ్మిరిగా ఉందా అని అడిగింది. వంగిన నిచ్చెన పెరట్లోనే ఉంది. చూసింది. నా వైపు చూస్తుందని కాచుకున్నాను. చూడలేదు. దాన్ని ఇంకెవరూ వాడకుండా గోడ వెనక పడేసి వచ్చి, టీ తాగి, గ్లాసు కడిగి పెట్టింది. నాకు ఇంకా మండింది. ఏదైనా అంటే తిరిగి నాలుగు అనేదాన్ని కదా.

తెల్లారి పనికి దిగేముందు, "పైకి మేమిద్దరం వెళ్తాం. మీరు కింద ఉంటారా?" అంది. నన్ను! నా పనిలో! నోటిదాకా వచ్చింది. నువ్వు బెల్టు కట్టుకుంటూ నా మొహం చూస్తున్నావు, మింగేశాను. అప్పుడు ఆవిడ మెయిన్ స్విచ్చు ఆపి, పెట్టెకి తాళం వేసి, ఆ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మేమిద్దరం దిగి మీ కళ్ళముందు నిలబడేదాకా ఇది ఎవరికీ ఇవ్వొద్దు. నేను పైనుంచి అడిగినా ఇవ్వొద్దు" అంది. పిడికిలి మూసుకున్నాను.

మధ్యలో ఆ టైలరమ్మ వచ్చి, "అర్జంటుగా ఒక్క జాకెట్ ఉందండీ, కాస్త కరెంటు..." అంది. నేను ఎలా అరిచానో నీకు పైకి వినబడే ఉంటుంది. పాపం, ఆ రోజంతా నా ఎదుటికి రాలేదు.

తర్వాత తలెత్తి నిన్ను చూశాను.

నేను నిన్ను కిందనుంచి చూడటం అదే మొదటిసారి. ఎండ కళ్ళలో పడుతోంది. నువ్వు రేకు మీద మోకాళ్ళ మీద కూర్చుని, నల్లగుడ్డ కొంచెం కొంచెం జరుపుతూ తీగ మీద తీగ కలుపుతున్నావు. తాడు ఉంది, దూలానికి కట్టి ఉంది, నిచ్చెన పైన పట్టీ ఉంది. అన్నీ ఉన్నాయని నాకు తెలుసు. అయినా నువ్వు అంచు వైపు జరిగినప్పుడల్లా నేనూ కింద అటే జరిగాను. అరుద్దామంటే నువ్వు ఉలిక్కిపడతావేమోనని భయం. అరవకపోతే వెనక్కి చూడకుండా అడుగేస్తావేమోనని భయం. నిచ్చెన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అది కట్టి ఉంది, పట్టుకోవాల్సిన పనే లేదు. అయినా పట్టుకునే ఉన్నాను, వేళ్ళు నొప్పి పుట్టేదాకా.

నేను గోడ మీద పిల్లిలా నడుస్తూ, ఫోనులో నవ్వుతూ, ఏ తాడూ లేకుండా తిరిగినన్నాళ్ళూ నువ్వు ఇలాగే నిలబడ్డావా? నాకు జ్వరం రావాలని కోరుకున్నానని రాశావే, కుళ్ళుతోనే కోరుకున్నావని నువ్వు అనుకుంటున్నావు. నాకు మాత్రం అంతేనని అనిపించట్లేదు, అందులో నేను పడిపోతానన్న భయం కూడా ఉండే ఉంటుంది.

నువ్వు ఆఖరి తీగ కలిపాక ఆవిడ వంగి చూసి "బాగుంది" అంది. ఆ ఒక్క మాటకి నీ మొహం ఎలా అయిందో కిందనుంచి చూశాను. ఆ మాట ఆవిడకంటే ముందు నేను అనాల్సింది. కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను, చదువుకో. బాగుంది పొట్టీ. తీగలు దువ్విన జడలా ఉన్నాయి. నాకు అంత నీటుగా రాదు. బేకరీది చూడకపోయినా, అదీ బాగుండే ఉంటుంది.

మీరు వెళ్ళిన మర్నాడు వీధంతా కరెంటు పోయింది. షెడ్డులో మెషీన్లు ఆగలేదు. మీ బావ కిటికీలో కూర్చుని ఆ చప్పుడు వింటూ, "ఒక మెషీన్‌కి నూనె తక్కువైంది" అన్నాడు. అంటే కోలుకుంటున్నట్టే.

నీ పెద్దక్క మీద నా కుళ్ళు పోయిందనుకోకు. బస్సెక్కేటప్పుడు నీ సంచి తను అందుకుంది చూడు, అది నేను అందుకోవాలని చెయ్యి చాచాను. అప్పటికే నువ్వు ఇచ్చేశావు. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా అదే తలుచుకుంటూ వచ్చాను.

టైలరమ్మ తమ్ముడు తన ఇంటి కప్పు మీద కూడా వెయ్యమని అడుగుతున్నాడు. ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే పైకి నువ్వు ఎక్కు. నేను కింద ఉంటాను. కానీ కింద ఉండే మనిషి ఏం చెయ్యాలో నాకు తెలియదని మొన్న తెలిసింది. ఎటు చూడాలి, ఎప్పుడు కేక వెయ్యాలి, ఎప్పుడు నోరు మూసుకుని ఉండాలి, భయం వేస్తే ఆ భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలి. ఇవన్నీ ఎవరైనా నేర్పాలి.

ఆవిడ వద్దు. నువ్వే నేర్పు.

అక్క